మహ్రెజ్ ముక్కు తిరిగొచ్చిన ఏడాది

దలెందా అక్క వాళ్ళింటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. మా డాబా మీద నిలబడితే వాళ్ళ ముంగిలి అంతా కనిపిస్తుంది. ఎవరు ఎవర్ని కోప్పడుతున్నారో, బట్టీలోకి రోజ్‌మేరీ దిగిందో, గులాబీ వాసనొచ్చే అతర్షియా ఆకు దిగిందో నాకు కిందికి దిగకుండానే తెలిసిపోతుంది. మా నాబుల్‌ ఊళ్ళో వసంతం వచ్చిందంటే ఇంటింటా రాగి బట్టీ పొయ్యెక్కుతుంది. నారింజపూలు ఉడికి, ఆవిరై, చల్లబడి, చుక్క చుక్కగా సీసాలోకి దిగుతుంటే వీధి వీధంతా తల దువ్వుకుని పెళ్ళికి బయల్దేరినట్టు ఉంటుంది. ఎన్ని బట్టీలున్నా దలెందా బట్టీ వేరు. ఆవిడ దించిన పూలనీరు, జహర్ అంటాం మేము, పసిపిల్ల కడుపునొప్పికీ వాడతారు, ఎండదెబ్బ తగిలిన నెత్తికీ వాడతారు, కాఫీలోకీ వాడతారు. మా అత్తగారైతే దిగులుకి కూడా అదే వాడేది.

ఆవిడ భర్త మహ్రెజ్ పనిచేసేది లమ్జెద్ వాళ్ళ తైలం ఫ్యాక్టరీలో. పనంటే బరువులెత్తడం కాదు, వాసన చూడటం. పొద్దున్నే పూలబజారుకెళ్ళి గంపలో చెయ్యి పెట్టి గుప్పెడు పూలు తీసి ముక్కుకి ఆనించుకుంటే చాలు, అవి ఏ తోటవో, పొద్దున కోసినవో నిన్నటినుంచి సంచిలో మగ్గినవో చెప్పేసేవాడు. పీపాల్లో పూలనీటి మీద తేలే తైలం ఎప్పుడు తియ్యాలో, ఏ పీపాలోది ఏ పీపాలో కలపాలో కూడా అతనే చెప్పాలి. ఊళ్ళో మర్యాదకి "సీ మహ్రెజ్", అంటే మహ్రెజ్ గారు, అన్నా సరదాకి అందరూ "ముక్కు మహ్రెజ్" అనేవాళ్ళు. పైకి విసుక్కునేవాడు గానీ లోపల ఆ పేరంటే మురిపెం.

ఆ మాయదారి జ్వరం లోకాన్నంతా చుట్టబెట్టిన చలికాలంలో వాళ్ళిద్దరికీ కూడా పట్టింది. దలెందా ఇట్టే లేచి తిరిగింది. మహ్రెజ్ మాత్రం మంచం పట్టాడు. ఆవిడ నీలగిరి ఆకు మరిగించి దుప్పటి ముసుగేసి ఆవిరి పట్టించింది, రోజ్‌మేరీ కషాయం తాగించింది. నేను గోడమీదుగా చారు గిన్నెలు అందించేదాన్ని. దేవుడి దయవల్ల గండం గడిచింది. లేచాడు, గడ్డం గీసుకున్నాడు, ముంగిట్లో ఎండలో కూర్చున్నాడు. అంతా సర్దుకుందనే అనుకున్నాం.

ఒకరోజు మధ్యాహ్నం నేను నా కుట్టుపని తీసుకుని వాళ్ళింటికి వెళ్ళాను. దలెందా కాఫీ తెచ్చింది. ఒక గుటక వేశానో లేదో నాకు పొలమారింది. ఏదో తలకి రాసుకునే మందు తాగినట్టుంది. ఆవిడా ఒక గుటక వేసి కళ్ళు పెద్దవి చేసింది. హడావిడిలో జహర్ సీసా బదులు రోజ్‌మేరీ నీళ్ళ సీసా ఒంపేసింది. ఇద్దరం ఒకేసారి మహ్రెజ్ వైపు చూశాం. అతను కప్పు అడుగుదాకా తాగి, మీసం తుడుచుకుని, "ఈసారి జహర్ బాగా కుదిరిందే" అన్నాడు.

దలెందా నా వైపు చూసింది. నేను నా సూది వైపు చూశాను. ఆవిడ లోపలికెళ్ళి వచ్చింది.

"కళ్ళు మూసుకో."

"ఎందుకే?"

"మూసుకో అంటే మూసుకో. కొత్త సరుకు దించాను. ఏంటో చెప్పు చూద్దాం."

మూసుకున్నాడు. ఆవిడ అతని ముక్కు కింద పెట్టింది గచ్చు తుడిచే తడిగుడ్డ. అది ఎన్నాళ్ళనుంచి ఆరలేదో దాని కంపు నాదాకా వచ్చింది.

మహ్రెజ్ గంభీరంగా పీల్చాడు. "అతర్షియా ఆకు," అన్నాడు. "కాకపోతే కాస్త పాతది."

నాకు నవ్వు తన్నుకొచ్చింది. దలెందా మాత్రం నవ్వలేదు. గుడ్డ కింద పడేసి అతని ఎదురుగా నేలమీద కూర్చుంది. అతను కళ్ళు తెరిచి ముందు గుడ్డని చూశాడు, తర్వాత ఆవిడ ముఖం చూశాడు. నేను లేచి వెళ్ళిపోదామనుకున్నాను, కానీ ఒడినిండా దారాలు.

"ఎప్పటినుంచి?" అంది.

"జ్వరం వచ్చిన రెండోనాటి నుంచి."

"నాకు చెప్పలేదేం?"

"చెబితే నిజమైపోతుందని భయం," అన్నాడు. "ముక్కులేని మహ్రెజ్ ఎవడిక్కావాలి దలెందా? ఈ ఊళ్ళో నాకున్నది అదొక్కటే."

"నేను లేనా?" అంది ఆవిడ. కోపంగానే అంది. కానీ అతని మోకాలి మీద చెయ్యి వేసింది.

మర్నాటినుంచి ఆవిడకి తెలిసిన వైద్యమంతా మొదలైంది. థైమ్ ఆకు ఆవిరి, గుడ్డలో నల్లజీలకర్ర మూట, మా ఊరి హరిస్సా కారం నాలుక మండిపోయేంత. మహ్రెజ్ కళ్ళు కారాయి, ముక్కు కారింది, వాసన మాత్రం రాలేదు. "ఇంకో చెంచా హరిస్సా వేశావంటే ప్రాణమే కారిపోతుంది" అని అతను మొత్తుకున్నాక, ఆవిడ తల మీద గుడ్డ సర్దుకుని అతన్ని డాక్టర్ ఎస్మహాన్ దగ్గరికి బయల్దేరదీసింది. చెవి, ముక్కు, గొంతు చూసే డాక్టరమ్మ. తోడు రమ్మంటే నేనూ వెళ్ళాను. నిజం చెప్పాలంటే రమ్మనకపోయినా వెళ్ళేదాన్నే.

డాక్టరమ్మ లైటు వేసి ముక్కులోకి చూసింది, ఏవో చిన్న చిన్న పట్టీలు వాసన చూపించింది. అతను ఏదీ చెప్పలేకపోయాడు. ఆవిడ కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"దీనికి మాత్ర లేదు సీ మహ్రెజ్. కానీ చెయ్యగలిగిన పని ఒకటుంది. జ్వరం మీ ముక్కులో వాసన పట్టే చోటుని దెబ్బకొట్టింది. అది మళ్ళీ మొలకెత్తుతుంది, మెల్లిగా. మొలిచిన దానికి పాఠం చెప్పాలి. నాలుగు వాసనలు తీసుకోండి. గులాబీ, నిమ్మ, లవంగం, నీలగిరి. పొద్దునా సాయంత్రం ఒక్కోదాన్నీ కాసేపు మెల్లగా పీల్చండి. పీల్చేటప్పుడు అది ఎలా ఉండేదో గట్టిగా తలుచుకోవాలి. అసలు కిటుకు అదే."

"తలుచుకుంటే వచ్చేస్తుందా?" అన్నాడు మహ్రెజ్.

"అందరికీ వస్తుందని మాటివ్వను. చాలామందికి మెరుగవుతుంది. నెలలు పడుతుంది."

దలెందా ముందుకి వంగింది. "ఆ నాలుగే ఎందుకమ్మా?"

డాక్టరమ్మకి ఆ ప్రశ్న నచ్చినట్టుంది. ఒక్కో తైలంలో వాసనకి మూలమైన పదార్థం ఒక్కొక్కటి ఉంటుందనీ, ఈ నాలుగూ ఒకదానికొకటి పోలిక లేని జాతులనీ చెప్పింది. నీలగిరిలో సినియోల్. ఛాతీ పట్టేసినప్పుడు ఊపిరి సలిపేది దాని చలవతోనే. లవంగంలో యూజెనాల్. పంటినొప్పిని మొద్దుబార్చేది అదే, పళ్ళ డాక్టర్లూ వాడతారు. నిమ్మ తొక్కలో లిమోనీన్. మన జహర్‌లో, అతర్షియాలో లినలూల్ ఉంటుందనీ, అది మనసుని కాస్త నెమ్మదిపరుస్తుందని కొన్ని పరీక్షల్లో తేలిందనీ, ఇంకా చూడాల్సింది చాలా ఉందనీ అంది.

"మా అమ్మ పసిపిల్లల దిండు మీద జహర్ చల్లేది," అంది దలెందా. "ఆ లోపలున్నదాని పేరు లినలూలా? పేరు కూడా జోలపాటలాగే ఉందే!"

"గులాబీ తైలం దొరకడం కష్టం," అంది డాక్టరమ్మ.

"జగ్వాన్‌లో మా చెల్లెలుంది. కానీ అక్కడ గులాబీ పూసేది ఎండలు ముదిరాక."

"అయితే అందాకా అతర్షియా తైలం వాడండి. గులాబీ వాసనలో ఉండేవాటిలో ఒకటి రెండు అందులోనూ ఉంటాయి. ఒక తల్లి పిల్లలనుకోండి."

ఇంటికొచ్చాక నాలుగు చిన్న సీసాలు కిటికీలో వరసగా నిలబడ్డాయి. మొదటిరోజే మహ్రెజ్ గంతేశాడు. "వచ్చింది! నీలగిరి వచ్చింది! చల్లగా తగిలింది!" దలెందా నన్ను కేకేసి పిలిచింది. ఆ మాట ఫోన్‌లో చెబితే డాక్టరమ్మ ఆవిడ ఉత్సాహం మీద కాసిని నీళ్ళు చల్లింది. ఆ చల్లదనం పట్టేది వేరే నరమట. చలి తెలిసినట్టే అదీనట. అది వాసన కాదట. మహ్రెజ్ సీసా మూత పెట్టేసి గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

ఇంతలో పూల రోజులు దగ్గరపడుతున్నాయి. తోటల్లో మొగ్గ కనిపిస్తోంది. ఫ్యాక్టరీలో సంగతి ఇంకా ఎవరికీ తెలీదు.

"లమ్జెద్‌కి చెప్పు," అంది దలెందా.

"ఈ ఏడాది ఎలాగోలా నెట్టుకొస్తాను. చేత్తో చూస్తాను, కంటితో చూస్తాను."

"మగ్గిన పూలు బట్టీలో పడితే పీపా పీపా పాడైపోతుంది. వాళ్ళ నాన్న నిన్ను నమ్మి పెట్టుకున్నాడు. నువ్వు చెబుతావా, నన్ను చెప్పమంటావా?"

వెళ్ళాడు. ఆ సంగతంతా తర్వాత లమ్జెదే మాకు చెప్పాడు. మహ్రెజ్ ఆఫీసు గదిలో టోపీ చేతిలో పట్టుకుని నిలబడి, పెళ్ళిచూపులకొచ్చిన కుర్రాడిలా నీళ్ళు నమిలి, చివరికి ఒక్క ఊపిరిలో చెప్పేశాడట. లమ్జెద్ ముందు వేళాకోళమనుకుని నవ్వాడట. తర్వాత అతన్ని కూర్చోబెట్టాడట.

"మరి ఇప్పుడెలా సీ మహ్రెజ్? పూలు నా కోసం ఆగవు కదా."

"ఇంకో ముక్కు ఉంది. మా ఇంట్లోనే."

"ఎవరిది?"

"దలెందాది. నాకంటే మంచిది. ఆ మాట మాత్రం ఆవిడతో అనకు బాబూ, నేను బతకాలి."

లమ్జెద్ ఆ సాయంత్రమే వచ్చి ఆవిడతో మొట్టమొదట అన్న మాట అదే.

అలా ఆ ఏడు పూలబజారుకి ఇద్దరూ కలిసి వెళ్ళారు. అక్కడ ఆడవాళ్ళు లేరని కాదు. ఇంటి బట్టీకి గంపెడు పూలు కొనుక్కోవడానికి ఊళ్ళో సగం మంది వస్తారు. ఫ్యాక్టరీ తరఫున గంపల మంచిచెడ్డలు తేల్చి చెప్పిన ఆడమనిషి మాత్రం అంతకుముందు లేదు. మొదట్లో అమ్మేవాళ్ళు కిసుక్కుమన్నారు. "ఏం సీ మహ్రెజ్, ముక్కుని అద్దెకి తెచ్చుకున్నావా?" అన్నాడొకడు. "సొంతమే, పెళ్ళినాడు వచ్చింది," అన్నాడు మహ్రెజ్.

ఇద్దరూ ఊరికే తిరగలేదు. అతను చేత్తో చూసేవాడు. రేకు ఎంత బిగువుగా ఉందో, మొగ్గ ఎంత, విచ్చింది ఎంత, ఆకు ఎంత కలిసిందో చెప్పేవాడు. ఆవిడ వాసన చూసేది. షెద్లీ అనే ఒక అమ్మకందారు నిన్నటి పూల మీద తాజా పూలు పరిచి, పైన నీళ్ళు చిలకరించి పెట్టాడు. పైపైన పీల్చి దలెందా "బాగానే ఉన్నాయి" అనబోయింది. మహ్రెజ్ చెయ్యి మోచేతిదాకా సంచిలో దూర్చి, "నడిమధ్య వెచ్చగా ఉంది, అక్కడిది తియ్యి" అన్నాడు. అక్కడినుంచి గుప్పెడు తీసి ఆవిడ ముక్కు దగ్గర పెట్టుకుంది. "పులిసిన రొట్టెపిండి," అని మొహం చిట్లించింది. షెద్లీ సంచి మూతి బిగించుకుని, "ఇద్దరు మనుషులు కలిసి ఒక మనిషయ్యారే! ఒక్కడుంటేనే వేగలేక చస్తుంటే!" అని గొణుక్కుంటూ ముందుకి కదిలాడు.

మధ్యలో రంజాన్ వచ్చింది. దలెందాకి కొత్త బెంగ పట్టుకుంది. ఉపవాసం ఉండి పగలు తైలాలు పీల్చవచ్చా, ఉపవాసం పోదా అని. మసీదు పెద్దాయన్ని అడిగి రమ్మని మొగుణ్ణి పోరింది.

"ఏం పోతుందే? నాకసలు వాసనే రావట్లేదు కదా! ఉపవాసం ఎవరిది పోవాలి, సీసాదా?"

నేను డాబా మీద బట్టలారేస్తూ నవ్వితే, "అక్కడ ఎవరు నవ్వుతోంది? వినడమే పనా?" అని దలెందా కిందనుంచి కసిరింది. తర్వాత తనూ నవ్వింది. ఎందుకొచ్చిన గొడవలే అని ఆ నెలంతా సాయంకాలం ఇఫ్తార్ అయ్యాక ఒకసారి, తెల్లవారుజాము భోజనానికి ముందు ఒకసారి పీల్చేలా మార్చుకున్నారు.

పండగ వెళ్ళిన కొన్నాళ్ళకి అసలు కష్టం మొదలైంది. ఒక పొద్దున మహ్రెజ్ కాఫీ కప్పు విసిరికొట్టాడు. కప్పు పగిలిన చప్పుడుకి నేను గోడ దగ్గరికి పరిగెత్తాను.

"ఎలుక చచ్చింది ఇందులో!"

"ఏ ఎలుకా లేదు. రోజూ తాగే కాఫీయే."

"నాకు తెలీదా? కుళ్ళు కంపు!"

వాసన తిరిగొస్తోంది, కానీ తప్పుదోవన వస్తోంది. ఉల్లిపాయ వేగితే టైరు కాలినట్టుందట. పుదీనా అంటే చెమటపట్టిన జోళ్ళట. అన్నిటికంటే ఘోరం జహర్. అతని ప్రాణంలాంటి నారింజపూల వాసన పాచిపోయిన మాంసంలా తోస్తోందట. మరి దలెందా? పెళ్ళినాటినుంచి తల దువ్వుకునేటప్పుడు అరచేతిలో జహర్ పోసుకుని జుట్టుకి రాసుకునే అలవాటు. ఆవిడ బట్టల్లో, దుప్పట్లో, గది గోడల్లో అదే. పాపం మహ్రెజ్ భార్య పక్కన పడుకోలేకపోయాడు. గాలికోసమని సాకు చెప్పి పరుపు చుట్టుకుని డాబా ఎక్కాడు.

ఆవిడ మా ఇంటికొచ్చి గుమ్మంలో నిలబడింది. "రఫీకా, నా దగ్గర నిజంగా కంపు వస్తోందా?"

"నీ మొహం! ఊరంతా నీ సువాసన అడుక్కుంటుంటే!"

"మా ఆయన నన్ను చూసి ముక్కు మూసుకున్నాడే." అని నవ్వబోయి ఏడ్చేసింది. పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఖర్జూరాలు పెట్టాను, తిన్నది.

డాక్టరమ్మ మాత్రం ఫోన్‌లో సంబరపడింది. కొత్తగా మొలిచిన నరాలు ఒకదాని దారిలో ఒకటి వెళ్ళి అతుక్కుంటున్నాయనీ, అందుకే ఒకటి ఇంకోలా తోస్తుందనీ, ఇది మంచి కబురేననీ చెప్పింది. పీల్చడం మాత్రం ఆపొద్దంది.

మంచి కబురైనా దాంతో కాపురం చెయ్యాల్సింది దలెందా కదా. ఆవిడ ఏం చేసిందంటే, ఇంట్లో ఉన్న జహర్ సీసాలన్నీ మా వంటింటి అటకెక్కించింది. దుప్పట్లు ఉతికింది. జుట్టు వట్టి ఆలివ్ సబ్బుతో రుద్దుకుంది. ఆవిడ మా ఇంటికొస్తే ఎవరో పరాయి మనిషి వచ్చినట్టుండేది నాకు. మహ్రెజ్ ఒకరోజు డాబా మీదనుంచి ఆవిడ ఆరబెట్టుకుంటున్న జుట్టుని చాలాసేపు చూశాడు. కిందికి దిగి, ఇంకా ఎక్కడ కంపు తగులుతుందోనని ముంగిలికి ఈ చివర కుర్చీ వేసుకున్నాడు.

"అక్కడినుంచే మాట్లాడు," అన్నాడు.

"మరీ అంత దూరమా? ఉత్తరం రాసి పంపనా?"

"దలెందా, నాకోసం ఇదంతా ఎందుకు మానేశావే?"

"నీకోసం కాదు. డాబా మీద దోమలు నిన్ను పీక్కుతింటే పొద్దున్నే ఆ గోకుడు చూడలేక."

ఆ సాయంత్రం సీసాల దగ్గర కూర్చున్నప్పుడు అతను చేతులెత్తేశాడు. నిమ్మ ఎలా ఉండేదో తలుచుకుందామంటే తలపుకి రావట్లేదన్నాడు. "ఆ గది తలుపు మూసుకుపోయింది. లోపల ఏముందో మర్చిపోతున్నాను." అప్పుడు దలెందా సీసా తన చేతిలోకి తీసుకుంది.

"నేను చెబుతాను, నువ్వు పీల్చు. నిమ్మ. మా పుట్టింట్లో చెట్టు కింద బల్ల ఉండేది. నువ్వు మొదటిసారి మా ఇంటికొచ్చినప్పుడు మా నాన్న అక్కడే కూర్చోబెట్టాడు. నీకేం చెయ్యాలో తెలీక చేతికందిన కాయ గిల్లావు. తొక్కలోంచి సన్నగా చిమ్మి నీ కంట్లో పడింది. కళ్ళు నలుపుకుంటూ కూర్చున్నావు. మా అమ్మ లోపల్నుంచి చూసి, పిల్లాడు మెతకమనిషి, అప్పుడే ఏడుస్తున్నాడు, పిల్లనిచ్చెయ్యండి అంది."

"ఏడవలేదు నేను!"

"ఏడ్చావో లేదో గానీ, ఆ వాసనే ఇది. ఇప్పుడు పీల్చు."

అప్పటినుంచి రోజూ అదే వరస. లవంగానికి, అతని చిన్నప్పుడు పన్ను పుచ్చితే నానమ్మ దూదిలో ముంచి పెట్టిన తైలం కథ. నీలగిరికి, వాళ్ళిద్దరూ జెందూబా కొండలకెళ్ళి వానలో చిక్కుకున్న కథ. జగ్వాన్ నుంచి గులాబీ తైలం వచ్చింది. దానికీ ఒక కథ ఉండేదిగానీ, గులాబీ వంతు వచ్చేసరికి దలెందా గొంతు తగ్గించేది, గోడ ఇవతల నాకు వినబడేది కాదు.

బక్రీదు వచ్చింది. మేం కొన్న గొర్రెని డాబా మీద కట్టేశాం. పొద్దున్నే నేను దానికి నీళ్ళు పెడుతుంటే పక్క డాబా మీద పరుపులోంచి మహ్రెజ్ దిగ్గున లేచి కూర్చున్నాడు. జుట్టు రేగిపోయి ఉంది. ముక్కు ఎగబీల్చాడు. మళ్ళీ ఎగబీల్చాడు.

"రఫీకా! మీ గొర్రె కంపు కొడుతోంది!"

"పొద్దున్నే మా గొర్రె మీద పడ్డావేం బావా? పండగ గొర్రె అది!"

"కాదే పిచ్చిదానా, కంపు కొడుతోంది! గొర్రె కంపే! గొర్రె గొర్రెలాగే కంపు కొడుతోంది!"

గోడ దూకాడు. ఆ వయసులో! గొర్రె బెదిరి వెనక్కి లాగుతున్నా మెడ పట్టుకుని ఉన్నిలో ముక్కు దూర్చేశాడు. "ఆహా, ఏం కంపు! ఏం కంపు!" అంటూ నవ్వుతున్నాడు, కళ్ళవెంట నీళ్ళు. మా ఆయన నిద్రకళ్ళతో పైకొచ్చి, పక్కింటాయన మా గొర్రెని కావలించుకుని ఏడవడం చూసి, "కోయొద్దంటాడా ఏంటి?" అన్నాడు నాతో మెల్లిగా. దలెందా చెప్పుల్లేకుండా మెట్లెక్కి వచ్చింది. అతను ఆవిడ చెయ్యి పట్టుకుని గొర్రె దగ్గరికి లాగాడు, తనొక్కడే పీల్చడం చాలదన్నట్టు. ఆవిడ కూడా వంగి పీల్చి, "అవును, భరించలేకుండా ఉంది," అంది. అంత సంతోషంగా ఆ మాట అన్నవాళ్ళని నేనెప్పుడూ చూడలేదు.

ఆ తర్వాత ఒక్కొక్కటే దారిన పడ్డాయి. లవంగం లవంగంలా అయింది. నిమ్మ సగం నిమ్మ, సగం సబ్బులా ఉండి, కొన్నాళ్ళకి సబ్బు పోయింది. ఉల్లిపాయ వేగుతుంటే వంటింటి గుమ్మంలో నిలబడి ఆకలేస్తోందనేవాడు. జహర్ మాటెత్తడానికి మాత్రం దలెందా సాహసించలేదు. చలి మొదలయ్యాక ఒకరోజు అతనే మా ఇంటికొచ్చి అటకమీది సీసా ఒకటి ఇమ్మన్నాడు. దలెందా ఎదుటే మూత తీశాడు. కళ్ళు మూసుకుని మెల్లగా పీల్చాడు. ఆవిడ పైకి కనబడనీయలేదుగానీ తలగుడ్డ చివర నలిపేస్తోంది.

"పక్కవీధిలోంచి వస్తున్నట్టుంది," అన్నాడు చివరికి. "దూరంగా ఉంది. కానీ అదే. కుళ్ళు లేదు."

ఆ రాత్రే పరుపు కిందికి దిగింది.

"చలికి దిగావా, నాకోసం దిగావా?" అని దలెందా అడగడం నాకు వినబడింది.

"రెంటికీ," అన్నాడు మహ్రెజ్. అబద్ధమాడితే అతనికి ఏనాడూ కుదిరింది లేదు.

మరుసటి వసంతానికి అతని ముక్కు చాలావరకు తిరిగొచ్చింది. మొత్తం కాదు. చేపల వాసన ఇప్పటికీ తెలీదు. ఓడరేవుకి పోయి నిలబడితే ఉప్పుగాలి తప్ప ఇంకేమీ లేదంటాడు. ఫ్యాక్టరీకి ఇప్పుడు ఇద్దరూ వెళుతున్నారు. ఒక గంప దగ్గర ఆయన ఊఁ అంటే ఆవిడ ఊహూఁ అంటుంది. లమ్జెద్ మధ్యలో నిలబడి జుట్టు పీక్కుంటాడుగానీ, ఆ ఏడు తీసిన తైలం మీద కొన్నవాళ్ళు వంక పెట్టలేకపోయారు.

డాక్టర్ ఎస్మహాన్ తన దగ్గరికొచ్చే వాసన పోయినవాళ్ళలో ఒకరిద్దరిని దలెందా దగ్గరికి పంపింది, సీసాలు ఎలా వాడాలో చూపించమని. ఇద్దరు నలుగురయ్యారు. ఇప్పుడు శుక్రవారం సాయంత్రం వాళ్ళ ముంగిట్లో చాప పరుస్తారు. బడి పంతులమ్మ ఒకావిడ వస్తుంది. పెళ్ళి నిశ్చయమైన పిల్ల ఒకతె వస్తుంది, కాబోయేవాడు ఏ సెంటు పూసుకుంటాడో తెలుసుకోకుండా ఎలా చేసుకోవడమని దాని బాధ. పక్కూరు బెనీ ఖియార్ నుంచి హమ్మాదీ అనే చేపలవాడొస్తాడు. మహ్రెజ్ సీసాలు తిప్పుతాడు, దలెందా ఒక్కొక్కరి చేత వాళ్ళ కథ చెప్పిస్తుంది. ఎవరి కథ వాళ్ళదే కావాలంటుంది. ఇంకొకరిది పనికిరాదట.

మొన్నటి శుక్రవారం హమ్మాదీ సీసా కింద పెట్టేశాడు. "నాకేం రావట్లేదు సీ మహ్రెజ్. మానేస్తాను."

"నాకూ నెలలపాటు రాలేదు. గులాబీ తలుచుకో."

"నాకు గులాబీ ఎప్పుడు తెలుసని తలుచుకోను? పుట్టిందీ పెరిగిందీ పడవలో. మా ఆవిడక్కూడా ఏనాడూ పువ్వు కొనివ్వలేదు."

అందరూ నవ్వారు. దలెందా నవ్వలేదు. వంటింట్లోకి వెళ్ళి ఉప్పులో ఊరేసిన చిన్నచేపల జాడీ తెచ్చి అతని ముందు పెట్టి మూత తీసింది. "ఇది తెలుసుగా? చెప్పు."

హమ్మాదీ జాడీ మీదికి వంగాడు. కళ్ళు మూసుకున్నాడు. వాళ్ళ నాన్న పడవ గురించి, తెల్లారి వల లాగుతుంటే ఈసారి నిండుగా ఉందని చేతులకంటే ముందు ముక్కుకే తెలిసేదని మాటలు వెతుక్కుంటూ చెప్పాడు. ఆగాడు. మళ్ళీ పీల్చాడు.

"ఏదో... ఏదో ఉంది," అన్నాడు. "ఇంత. గోరంత."

"ఏదీ ఇలా ఇవ్వు," అని మహ్రెజ్ జాడీ లాక్కుని పీల్చాడు. "నాకు లేదు."

"సరిగ్గా పీల్చు సీ మహ్రెజ్, అడుగునుంచి వస్తోంది."

"ఏ అడుగూ? ఉండు, ఇంకోసారి."

ఇద్దరు మగాళ్ళూ జాడీ అటూ ఇటూ లాక్కుంటూ తలలు దూరుస్తుంటే పెళ్ళికూతురు పిల్ల పొట్ట పట్టుకుని నవ్వింది. దలెందా తలగుడ్డ ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"మీ ఇద్దరికీ ఎప్పుడొస్తుందో నాకు తెలీదుగానీ, ఇక్కడున్న మాకందరికీ వచ్చేసింది. ఆ మూత పెట్టండయ్యా బాబూ!"